ఆటిజం ఉన్నవాళ్ళు గెలిచిన చోట ఏం జరిగింది?

ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం జరుగుతుంది. ఆ రోజు వాట్సాప్ గ్రూపుల్లో ఒక జాబితా తిరుగుతుంది. ఐన్‌స్టీన్, న్యూటన్, మొజార్ట్, మైకెలాంజిలో... వీళ్ళందరికీ ఆటిజం ఉండేదనీ, అయినా అంత ఎత్తుకు ఎదిగారనీ అందులో ఉంటుంది. పంపేవాళ్ళ ఉద్దేశం మంచిదే. పిల్లాడికి ఆటిజం అని డాక్టర్ చెప్పిన రోజు నుంచి కంటి మీద కునుకు లేని అమ్మానాన్నలకు కాస్త ధైర్యం చెబుదామని పంపుతారు. కానీ ఆ పేర్లలో చాలావాటికి ఆధారం లేదు.

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో చిన్నప్పటి నుంచే ఉండే తేడా. మాటలో, నలుగురితో కలవడంలో, ప్రవర్తనలో అది కనిపిస్తుంది. దాని గురించి ఇవాళ మనకు తెలిసిన వైద్య వివరణకు పునాది పడింది 1943లో. న్యూటన్ 1727లోనే చనిపోయాడు. ఆయన ఎవరితోనూ కలిసేవాడు కాదనీ, పనిలో పడితే తిండి మర్చిపోయేవాడనీ జీవితచరిత్రల్లో ఉన్న మాటలు పట్టుకుని మూడు వందల ఏళ్ళ తర్వాత రోగనిర్ధారణ చేయడం వైద్యం అనిపించుకోదు. ఐన్‌స్టీన్ విషయంలోనూ అంతే. ఆయనకు మాటలు ఆలస్యంగా వచ్చాయన్న కథనం తప్ప చేతిలో పెద్దగా ఏమీ లేదు. బతికున్నవాళ్ళ విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి. తాను ఈ కాలంలో పెరుగుతున్న పిల్లాణ్ణయితే బహుశా ఆటిజం స్పెక్ట్రమ్‌లో (ఆటిజంలోని రకరకాల స్థాయిల శ్రేణిలో) ఉన్నట్టు నిర్ధారించేవారని బిల్ గేట్స్ 2025లో వచ్చిన తన ఆత్మకథలో రాశారు. అది ఆయన తన గురించి తాను వేసుకున్న అంచనా. డాక్టర్ ఇచ్చిన నిర్ధారణ కాదు.

1988లో వచ్చిన ‘రెయిన్ మ్యాన్’ సినిమా చాలామంది మనసుల్లో ఆటిజానికి ఒక రూపం ఇచ్చింది. అందులో కథానాయకుడి అన్న కళ్ళు మూసి తెరిచేలోగా లెక్కలు చెప్పేస్తాడు. ఆ పాత్రకు స్ఫూర్తినిచ్చిన కిమ్ పీక్ వేలాది పుస్తకాలను గుర్తుంచుకున్న మనిషి. ఆయన మెదడు నిర్మాణంలోనే తేడాలు ఉన్నాయి. ఆయనకున్నది ఆటిజం కాదని తర్వాత పరీక్షించిన నిపుణులు అభిప్రాయపడ్డారు. అయినా ఆ సినిమా పుణ్యమా అని ‘మీవాడికి ఏదో ఒక స్పెషల్ టాలెంట్ ఉండే ఉంటుందండీ’ అనే మాట ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు తరచూ వినిపిస్తూ ఉంటుంది. అసాధారణ జ్ఞాపకశక్తి, లెక్కలు, సంగీతం లాంటి ప్రతిభ ఆటిజం ఉన్నవారిలో కొద్దిమందికే ఉంటుంది. మిగతావాళ్ళలో కొందరికి జీవితాంతం మాట రాదు. కొందరికి స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి కూడా మనిషి కావాలి. కొందరు ఇంజనీర్లుగా, అకౌంటెంట్లుగా మన పక్క సీట్లోనే పని చేస్తూ ఉంటారు. స్పెక్ట్రమ్ అనేది అందుకే.

అలాంటప్పుడు ప్రముఖుల గురించి అసలు మాట్లాడుకోవడం ఎందుకు? ఎందుకంటే డాక్టర్ల నిర్ధారణ ఉన్నవాళ్ళు, లేదా తమకు ఆటిజం ఉందని తామే బయటికి చెప్పుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ జీవితాలను ఫలితం వైపు నుంచి కాకుండా మొదలు నుంచి చూసుకుంటూ వస్తే ఒక విషయం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. లోకం ‘పిచ్చి’ అనుకున్న ఇష్టాన్ని ఎవరో ఒకరు సీరియస్‌గా తీసుకున్నారు. దాన్ని మాన్పించడానికి కాక, అక్కడి నుంచి ఒక దారి వేయడానికి కష్టపడ్డారు.

టెంపుల్ గ్రాండిన్ సంగతే చూడండి. 1947లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. మూడున్నరేళ్ళు వచ్చేదాకా మాట లేదు. మెదడు దెబ్బతిందని డాక్టర్లు అన్నారు. ఆ కాలంలో ఇలాంటి పిల్లల్ని సంస్థల్లో పెట్టేయడం మామూలు. తల్లి ఒప్పుకోలేదు. స్పీచ్ థెరపీ పెట్టించారు. ‘ఒకసారి నువ్వు, ఒకసారి నేను’ అనే తరహా ఆటలు గంటల తరబడి ఆడించడానికి ఒక ఆయాను పెట్టారు. అంటే మూడేళ్ళ పిల్ల తన లోకంలో తాను ఉండిపోకుండా రోజంతా ఎవరో ఒకరు పలకరిస్తూనే ఉన్నారు. ఈ రోజు ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్న వయసులోనే మొదలుపెట్టే శిక్షణ) పేరుతో థెరపిస్టులు చెప్పేది చాలావరకు ఇదే.

హైస్కూల్ ఆమెకు నరకంలా గడిచింది. తోటిపిల్లలు ఎగతాళి చేస్తే ఒకమ్మాయి మీదికి పుస్తకం విసిరి, స్కూలు నుంచి బయటికి వచ్చేయాల్సి వచ్చింది. తర్వాత చేరిన బోర్డింగ్ స్కూల్లో గుర్రాలు ఉండేవి. వాటి కొట్టాలు శుభ్రం చేసే పని ఆమె ఇష్టంగా చేశారు. వేసవి సెలవులకు అరిజోనాలో బంధువుల పశుక్షేత్రానికి వెళ్ళినప్పుడు ఒక దృశ్యం ఆమె కంటబడింది. టీకాలు వేసేటప్పుడు ఆవుల్ని ఒక బోనులోకి తోలి, రెండు పక్కల నుంచి పలకలతో గట్టిగా అదిమి పట్టేవారు. అప్పటిదాకా బెదిరిపోయి ఉన్న ఆవుల్లో కొన్ని ఆ ఒత్తిడికి కుదుటపడడం ఆమె గమనించారు. ఎవరైనా దగ్గరికి తీసుకుంటే భరించలేని ఆ అమ్మాయి, ఎప్పుడూ టెన్షన్‌తో వణికిపోయే ఆ అమ్మాయి, తానే ఆ బోనులోకి వెళ్ళి అదిమించుకుని చూసింది. నరాలు నెమ్మదించాయి. తర్వాత తన కోసం చెక్కలతో అలాంటి యంత్రమే ఒకటి తయారు చేసుకుంది.

ఇక్కడే కథ అటో ఇటో తిరగాల్సింది. స్కూల్లో మానసిక నిపుణులకు ఆ యంత్రం నచ్చలేదు, తీసేయించాలని చూశారు. కార్లాక్ అనే సైన్స్ మాస్టారు మాత్రం వేరేలా ఆలోచించారు. ‘ఇది నిన్ను ఎందుకు నెమ్మదిపరుస్తోందో తెలుసుకోవాలంటే సైన్స్ చదవాలి’ అన్న దారిలోకి ఆమెను మళ్ళించారు. పరిశోధన పత్రాలు ఎలా వెతకాలో నేర్పించారు. అంతకుముందు చదువు మీద ఆసక్తే లేని అమ్మాయికి చదవడానికి కారణం దొరికింది. ఆ దారిలోనే వెళ్ళి ఆమె 1989లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి పశుశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

ఆమె చేసిన పని ఏమిటన్నది చాలా వ్యాసాల్లో ఒక్క వాక్యంతో దాటిపోతుంది గానీ, నిజానికి చెప్పుకోవలసింది అదే. 1970లలో అరిజోనాలోని పశువుల దొడ్లలో, కబేళాల్లో పశువులు ముందుకు నడవకుండా మొరాయించేవి. కూలీలు కేకలు వేస్తూ కరెంటు షాకిచ్చే కర్రలతో పొడిచేవారు. గ్రాండిన్ ఆ ఇరుకు దారిలోకి స్వయంగా దిగి, పశువు కన్ను ఉండే ఎత్తుకు వంగి ఫొటోలు తీశారు. నేల మీద పడ్డ నీడ, వేలాడుతున్న గొలుసు, నీటిగుంటలో మెరుపు, కంచె మీద ఎవరో వేసిన పసుపు కోటు. మనిషి చూసీ చూడనట్టు వదిలేసే ఆ చిన్న చిన్న విషయాలే పశువును ఆపేస్తున్నాయి. కోటు తీసేస్తే చాలు, మంద కదులుతుంది. తాను మాటల్లో కాక బొమ్మల్లో ఆలోచిస్తానని, అందుకే పశువు ఏం చూస్తోందో తనకు అందిందని ఆమె చెబుతారు.

దాని మీదే ఆమె డిజైన్లు నడిచాయి. పశువు వచ్చిన దారినే తిరిగి వెళ్ళాలనుకుంటుంది. అందుకని దారిని అర్ధచంద్రంలా వంచితే, తాను వెనక్కి వెళుతున్నానన్న భావనతోనే ముందుకు నడుస్తుంది. పక్క గోడలు సందుల్లేకుండా మూసేస్తే బయటి కదలికలు కనపడవు, బెదరదు. అమెరికా, కెనడాల్లోని పశువుల్లో దాదాపు సగం ఈ రోజు ఆమె రూపొందించిన ఏర్పాట్ల గుండానే వెళతాయి. ఇంతకన్నా తెలివైన పని ఇంకొకటి చేశారు. కబేళాల్లో పశువుల బాధను ‘బాగుంది, బాగాలేదు’ అని కాకుండా అంకెల్లో కొలిచే పద్ధతి పెట్టారు. నూటికి ఎన్ని పశువులు అరిచాయి, ఎన్ని జారిపడ్డాయి, ఎన్నింటిని కరెంటు కర్రతో పొడిచారు, ఎన్ని మొదటి దెబ్బకే స్పృహ తప్పాయి. లెక్క పెట్టేస్తే సాకులు చెప్పే వీలుండదు. 1999లో మెక్‌డొనాల్డ్స్ తనకు మాంసం సరఫరా చేసే కబేళాలను ఈ కొలతలతో తనిఖీ చేయించడం మొదలుపెట్టాక, మొత్తం పరిశ్రమే దారికి వచ్చింది. చివరికి చంపేదే కదా అని వాదించేవాళ్ళు ఉన్నారు, ఆ వాదనకు బలం ఉంది. అయినా ఆ చివరి నిమిషాల్లో కోట్లాది మూగజీవాల భయం తగ్గించిన మనిషి ఆమె.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆటిజం ఉన్నవాళ్ళంతా తనలాగే బొమ్మల్లో ఆలోచిస్తారని ఆమె మొదట్లో రాశారు. తర్వాత అది తప్పని ఒప్పుకున్నారు. కొందరు లెక్కల నమూనాల్లో, కొందరు మాటల్లో ఆలోచిస్తారని సరిదిద్దారు. ఆటిజం ఉన్న ఒక్కరిని కలిస్తే ఆ ఒక్కరే తెలుస్తారు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

లండన్‌కు చెందిన చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ కథలో ఆ ఎవరో ఒకరు స్కూలు టీచర్లు. 1974లో పుట్టిన స్టీఫెన్‌కు మూడేళ్ళకు ఆటిజం నిర్ధారణ అయింది. ఒక్క మాటా లేదు, ఎప్పుడూ బొమ్మలే. క్వీన్స్‌మిల్ స్కూల్లో టీచర్లు ఒక రోజు అతని కాగితాలు, పెన్సిళ్ళు దాచిపెట్టారు, అడిగితే ఇద్దామని. కొన్నాళ్ళకు అతని నోటి నుంచి మొదటి మాట వచ్చింది: ‘పేపర్’. పిల్లాడికి ప్రాణమైన వస్తువును దాచి మాట్లాడించడం సరైన పద్ధతేనా అన్న ప్రశ్న ఈ రోజు ఎవరైనా వేయవచ్చు, వేయాలి కూడా. కానీ ఆ టీచర్లు బొమ్మల్ని మాన్పించలేదు. ఆ బొమ్మలే అతని భాష అని గుర్తించి, అక్కడి నుంచి మాటల వైపు నడిపించారు. పూర్తిగా మాట్లాడేసరికి అతనికి తొమ్మిదేళ్ళు. 1987లో బీబీసీ కార్యక్రమంతో దేశమంతా తెలిశాడు. 2005లో టోక్యో మీద హెలికాప్టర్‌లో కాసేపు తిరిగివచ్చి, పది మీటర్ల కాన్వాస్ మీద ఏడు రోజుల్లో ఆ నగరాన్ని జ్ఞాపకం నుంచే గీశాడు. ఏ భవనానికి ఎన్ని అంతస్తులు, ఎన్ని కిటికీలు అన్నది కూడా అందులో ఉంటుంది. 2006లో బ్రిటన్ ప్రభుత్వం ఎంబీఈ పురస్కారం ఇచ్చింది. అదే ఏడాది లండన్‌లో తన సొంత గ్యాలరీ తెరిచాడు.

అర్థశాస్త్రంలో 2002 నోబెల్ అందుకున్న వెర్నన్ స్మిత్ తనకు ఆస్పర్జర్స్ (ఆటిజంలో ఒక రకానికి అప్పట్లో ఉన్న పేరు) ఉందని పెద్ద వయసులో చెప్పారు. పనిలో మునిగితే చుట్టూ ప్రపంచం మూసుకుపోతుందని, తన పరిశోధనకు అది మేలే చేసిందని ఆయన అంటారు. ఆయన పని చాలా సరళంగా మొదలైంది. 1956లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో క్లాసులోని విద్యార్థులను కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళుగా విడగొట్టి, ఎవరు ఎంతకు మించి కొనకూడదో, ఎంతకు తగ్గించి అమ్మకూడదో చీటీల మీద రాసి ఇచ్చి బేరాలు ఆడించారు. ఎవరి చీటీ ఇంకొకరికి తెలియదు. అయినా కొన్ని విడతల్లోనే ధర సిద్ధాంతం చెప్పిన చోటికే వచ్చి ఆగింది. అర్థశాస్త్రంలో ప్రయోగాలు కుదరవని అప్పట్లో అనుకునేవారు. స్మిత్ చేసి చూపించారు.

ఆడవాళ్ళ విషయానికి వస్తే నిర్ధారణ చాలా ఆలస్యం అవుతుంది. మాట్లాడని, ముడుచుకుపోయే ఆడపిల్లను ‘సిగ్గరి’ అంటారు, ‘బుద్ధిమంతురాలు’ అంటారు, అక్కడితో సరి. స్కాట్లండ్ గాయని సుసాన్ బాయిల్‌కు పుట్టినప్పుడు ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిందని చెప్పారు. ఆ ముద్రతోనే ఆమె స్కూల్లో ఏడిపింపులు పడ్డారు. 2009లో 47 ఏళ్ళ వయసులో బ్రిటన్ టీవీ పోటీ వేదిక ఎక్కినప్పుడు, పాట మొదలయ్యేదాకా ప్రేక్షకుల ముఖాల్లో వెటకారమే. ఆ ఏడాది ఆమె మొదటి ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయింది. తన అసలు పరిస్థితి ఆస్పర్జర్స్ అని ఆమెకు తెలిసింది దాని తర్వాతే. 2013లో ఆ సంగతి బయటపెట్టినప్పుడు, తనకు ఊరటగా ఉందని చెప్పారు. యాభై ఏళ్ళు మోసిన తప్పుడు ముద్ర దిగిపోయింది మరి.

స్వీడన్ అమ్మాయి గ్రెటా థన్‌బర్గ్ 2018 ఆగస్టులో వాతావరణ మార్పు మీద నిరసనగా ఒక పలక పట్టుకుని పార్లమెంటు ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆమెకు 15 ఏళ్ళు. అందరికీ తెలిసీ అందరూ పక్కన పెట్టేసే విషయాన్ని పక్కన పెట్టలేకపోవడమే తన ఆటిజంలో ఒక భాగమని ఆమె చెబుతుంది. ఎలాన్ మస్క్ 2021లో ఒక టీవీ షోలో తనకు ఆస్పర్జర్స్ ఉందన్నారు. ఈ ఆస్పర్జర్స్ అన్న పేరును 2013 నుంచి అమెరికా వైద్య ప్రమాణాల్లో విడిగా వాడడం లేదు, అంతా ఆటిజం స్పెక్ట్రమే. ఆ పేరు ఏ డాక్టర్ మీదుగా వచ్చిందో ఆ వియన్నా వైద్యుడు హాన్స్ ఆస్పర్జర్, నాజీల కాలంలో కొందరు పిల్లలను వాళ్ళను చంపేసే ఆస్పత్రికి పంపాడని 2018లో వచ్చిన పరిశోధన పత్రాలతో సహా బయటపెట్టింది. పేరు పోవడం మంచిదే.

మన దేశంలో చెప్పుకోవలసిన పేరు జియా రాయ్. ముంబైలోని నౌకాదళ ఉద్యోగి కూతురు. చిన్నప్పుడే ఆటిజం నిర్ధారణ అయింది, మాట ఆలస్యం. థెరపీలో భాగంగా ఈత నేర్పించారు. నీళ్ళలో ఆ అమ్మాయికి అలుపు లేదని తల్లిదండ్రులు గ్రహించారు. 2021లో బాంద్రా-వర్లీ వంతెన నుంచి గేట్‌వే ఆఫ్ ఇండియా దాకా 36 కిలోమీటర్లు ఈదింది. 2022లో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధి దాటింది. 2024 జులైలో, 16 ఏళ్ళకు, ఇంగ్లిష్ చానల్‌ను సుమారు పదిహేడున్నర గంటల్లో ఈదింది. చల్లటి ఉప్పునీళ్ళలో అన్ని గంటలు చేతులు ఒకే లయలో కదుపుతూ ఉండడానికి కావలసింది ఏమిటో ఆలోచిస్తే, ‘ఒకే పని పదే పదే చేస్తాడు’ అని రిపోర్టుల్లో లోపంగా రాసే వాక్యం ఇంకోలా కనిపిస్తుంది.

ఇంతమంది పేర్లలో అన్నిటికన్నా ముఖ్యమైన పేరు చాలామందికి తెలియదు. డోనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో 1933లో పుట్టాడు. లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన పత్రంతోనే ఆటిజం వైద్యశాస్త్రంలోకి వచ్చింది. అందులో మొదటి పిల్లాడు డోనాల్డే. నాలుగేళ్ళు నిండకముందే అతన్ని ఒక ప్రభుత్వ సంస్థలో పెట్టేశారు, అప్పటి డాక్టర్ల సలహా అదే. ఏడాది తిరిగేసరికి తల్లిదండ్రులు మనసొప్పక వెనక్కి తెచ్చుకున్నారు. అతని ప్రవర్తన వివరిస్తూ తండ్రి కానర్‌కు రాసిన ఉత్తరం 33 పేజీలు.

తర్వాత డోనాల్డ్ కొన్నేళ్ళు ఊరికి దగ్గర్లో ఒక రైతు దంపతుల ఇంట్లో ఉన్నాడు. 1945లో కానర్ చూడటానికి వెళ్ళి, అక్కడ కనిపించింది రాసిపెట్టాడు. పిల్లాడికి కొలతల పిచ్చి ఉంటే రైతు బావి తవ్వించి, ఎంత లోతు వచ్చిందో చెప్పమన్నాడు. చచ్చిన పిట్టల్ని, పురుగుల్ని ఏరుకొస్తుంటే కోప్పడకుండా వాటికి శ్మశానమని కాస్త చోటు చూపించాడు. డోనాల్డ్ ఒక్కోదానికి పేరు పెట్టి పలక పాతేవాడు. నత్తకు జాన్ అని పేరు, మధ్యలో నత్త, చివర రైతు ఇంటిపేరు, పుట్టిన తేదీ తెలియదు, చనిపోయిన తేదీ అది దొరికిన రోజు. మొక్కజొన్న వరసలు మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమని గుర్రాన్ని, నాగలిని చేతికిచ్చాడు. కానర్ చూస్తుండగానే అతను పొడవాటి చాళ్ళు ఆరు దున్నాడు. ఆ రైతు దంపతులు మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాళ్ళు కాదు. ఆటిజం గురించి రాసిన వేల పేజీల్లో ఇంత గొప్ప థెరపీ వర్ణన అరుదు.

డోనాల్డ్ తర్వాత హైస్కూలు, కాలేజీ పూర్తిచేశాడు. 1958లో ఫ్రెంచ్ భాషలో డిగ్రీ తీసుకున్నాడు. ఊళ్ళోని బ్యాంకులో అరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. కారు నడిపాడు, రోజూ గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా ముప్పైకి పైగా దేశాలు తిరిగాడు. నోబెల్ రాలేదు, ఏదీ కనిపెట్టలేదు. మనుషులకు అంకెలు పేర్లుగా పెట్టి పిలిచేవాడు, ఊళ్ళోవాళ్ళు ఆ అంకెలకే పలికేవారు. అతని గురించి ఆరా తీస్తూ జర్నలిస్టులు వెళితే, డోనాల్డ్‌కు కష్టం కలిగించారో జాగ్రత్త అని ఊళ్ళోవాళ్ళు హెచ్చరించారు. 2023 జూన్‌లో 89 ఏళ్ళకు చనిపోయాడు. ఈ కథలో మర్చిపోకూడని మాట ఒకటుంది. ఆ బ్యాంకు అతని తల్లి వైపు కుటుంబానిదే. ఆస్తి, పలుకుబడి ఉన్న తెల్లజాతి ఇల్లు. అదే ఊళ్ళో, అదే ఏడాది, పేద నల్లజాతి ఇంట్లో పుట్టి ఉంటే ఆ పిల్లాడి పేరు ఏ పత్రంలోకీ ఎక్కేది కాదు.

తెలుగు ఇళ్ళకు ఇదంతా ఎలా తగులుతుంది? ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పటికీ మొదటి రెండు మూడేళ్ళు ‘మగపిల్లలకు మాటలు లేటే’, ‘వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకు గానీ రాలేదు’ అనే మాటల్లో గడిచిపోతాయి. ఆ తర్వాత నింద తల్లి మీద పడుతుంది, ఫోన్ ఇచ్చావనో, ఉద్యోగానికి వెళ్ళావనో. అమెరికాలోనూ ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే తల్లి ప్రేమ చాలక ఆటిజం వస్తుందని చెప్పారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త, తానే ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి, ఆ వాదనను పుస్తకం రాసి పడగొట్టాడు. అరవై ఏళ్ళ కిందట చచ్చిన ఆ వాదన మన వీధుల్లో ఇంకా తిరుగుతోంది.

మన దగ్గర ఏర్పాట్లు లేవని కాదు. దేశమంతా ఆటిజం తీవ్రతను కొలవడానికి వాడే 40 ప్రశ్నల భారతీయ కొలమానం తయారైంది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనే. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే నలుగురికీ తెలిసిపోతుందని, ఇంట్లో ఇంకో పిల్లకు సంబంధాలు రావని చాలామంది ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకే వెళ్ళరు. అలా వెళ్ళని ఇళ్ళలో పిల్లలకు రావలసినవి రాకుండా పోతాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది కానీ, ఆటిజం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం, నేర్చుకోవడంలో ఇబ్బందులు, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి అందులో దక్కేది 1 శాతమే. అది చాలదు.

పద్దెనిమిదేళ్ళు దాటాక ఏం చేయాలన్నదే పెద్ద ఖాళీ. థెరపీ సెంటర్లు చిన్నపిల్లల కోసం వీధికొకటి వెలిశాయి. పెద్దయిన ఆటిజం మనిషికి రోజూ వెళ్ళి చేసుకునే పని చూపించే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. ఒకే రకం పనిని తప్పు లేకుండా చేయగలిగినవాళ్ళకు ప్రింటింగ్ ప్రెస్సులో, మొక్కల నర్సరీలో, లైబ్రరీలో, డేటా ఎంట్రీలో చోటివ్వడానికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. లైట్ల వెలుగు కాస్త తగ్గించడం, పనిని నోటితో కాక రాసి చెప్పడం, మధ్యాహ్నం కాసేపు ఒంటరిగా ఉండనివ్వడం లాంటివి చాలు.

తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకునే మాట ఒకటే, ‘మా తర్వాత ఎవరు?’ దీనికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఒక దారి ఉంది. జిల్లా కలెక్టర్ నేతృత్వంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేస్తే, 18 దాటిన వ్యక్తికి చట్టబద్ధమైన సంరక్షకులను నియమిస్తారు. అదే ట్రస్టు నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఇస్తుంది. ఫారెస్ట్ ఊళ్ళో డోనాల్డ్ తల్లిదండ్రులు కూడా బతికుండగానే అతని పేరున ఒక ట్రస్టు ఏర్పాటు చేసి వెళ్ళారు. 1980లో తండ్రి, 1985లో తల్లి పోయాక కూడా అతను చిన్నప్పటి ఇంట్లోనే ఉంటూ దాదాపు నాలుగు దశాబ్దాలు బతికాడు.